నది వంపులు ఉన్నచోట ఎందుకు ఉండవు?

వంపు దగ్గర నీళ్లు బయటి ఒడ్డును ఒరుసుకుంటూ వేగంగా పోతాయి, లోపలి ఒడ్డు దగ్గర నెమ్మదిస్తాయి. అందుకే బయటి ఒడ్డు కోతకు గురవుతుంది, లోపలి వైపు ఇసుక మేట వేస్తుంది. గోదావరి లంకల్లో ఉండేవాళ్లకు ఈ కోత గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇలా ఏళ్ల తరబడి జరిగితే వంపు ఇంకా పెద్దదై, మెల్లగా దిగువకు కూడా జరుగుతుంది.

చివరికి వంపు మొదలూ చివరా దగ్గరపడి, మధ్య సన్నని మెడలాంటి నేల మిగులుతుంది. పెద్ద వరదొస్తే అది తెగిపోయి నది అడ్డదారి పట్టేస్తుంది. పాత వంపు విడిపోయి గుర్రపు నాడా ఆకారపు చెరువవుతుంది. దాన్నే ఆక్స్‌బో సరస్సు అంటారు.

అమెరికాలో మిసిసిపీ ఒడ్డున ఉన్న విక్స్‌బర్గ్ కథ భలే ఉంటుంది. అంతర్యుద్ధంలో ఆ ఊరి ఫిరంగులను తప్పించుకోవాలని ఉత్తరాది రాష్ట్రాల జనరల్ గ్రాంట్ సైన్యం 1863లో వంపు మెడకు అడ్డంగా కాలువ తవ్వింది, కుదరలేదు. 1876 ఏప్రిల్‌లో నదే ఆ మెడను తెంపేసుకుంది! రేవు పట్టణానికి నది దూరమైపోయింది. దగ్గర్లోని యాజూ అనే నదిని కాలువతో మళ్లించి, 1903కి గానీ ఊరి ముందుకు మళ్లీ నీళ్లు తేలేకపోయారు.