తాబేళ్ల కోసమైతే మేలో వద్దండీ

మే సెలవుల్లో హైదరాబాద్ నుంచి అండమాన్ వెళ్తున్నాం, తాబేళ్లు గుడ్లు పెట్టడం పిల్లలకు ఎక్కడ చూపించాలి అని అడిగారు కదా. టికెట్లు ఇంకా తీసుకోకపోతే ఆగండి. అసలు సీజన్ డిసెంబర్ నుంచి ఫిబ్రవరి. సంక్రాంతి సెలవులకు పెట్టుకోండి.

ఉత్తరాన డిగ్లీపూర్ దగ్గర కాలీపూర్ బీచ్‌కి వెళ్లాలి. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) నుంచి రోడ్డు మీద దాదాపు రోజంతా పడుతుంది. దారిలో జారవా అనే ఆదివాసీలుండే అడవి వస్తుంది, అక్కడ బండి ఆపకూడదు, ఫొటోలు తీయకూడదు.

రాత్రిపూట అటవీశాఖ వాళ్లతోనే బీచ్‌లోకి దిగండి. టార్చ్, ఫ్లాష్ అస్సలు వద్దు. వెలుగు పడితే ఒడ్డెక్కిన తల్లి గుడ్లు పెట్టకుండానే తిరిగి నీళ్లలోకి వెళ్లిపోతుంది. కదలకుండా కూర్చుంటే, వెనక కాళ్లతో ఇసుక తోడి, పింగ్‌పాంగ్ బంతుల్లాంటి గుడ్లు పెట్టి, మళ్లీ ఓపిగ్గా పూడ్చడం చూడొచ్చు. పిల్లలను పగడపు ముక్కలు మాత్రం ఏరనివ్వకండి, వాటిని తేవడం నేరం.