హిచ్ కొనే ముందు బరువు లెక్క చూసుకో

చిరంజీవి కిరణ్‌కు పెదనాన్న ఆశీస్సులు.

ట్రావెల్ ట్రైలర్‌కు (పికప్ వెనక లాక్కెళ్లే చక్రాల ఇంటికి) అడ్వాన్స్ ఇచ్చారని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. అయితే డీలర్ ప్యాకేజీలో ఇస్తానన్న 600 పౌండ్ల సామర్థ్యం ఉన్న వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌కు, అంటే ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించి దాని భారాన్ని ఇనుప బార్లతో ఇరుసులకు పంచే కొక్కేనికి, మాత్రం ఇప్పుడే ఒప్పుకోకు.

అతను బ్రోషర్ చూసి లెక్క వేశాడు. అందులోని 5,200 పౌండ్లు ఖాళీ ట్రైలర్ బరువు. 560 దాని టంగ్ వెయిట్, అంటే ట్రైలర్ ముందు కాడి (టంగ్) నుంచి ట్రక్కు వెనక ఉండే హిచ్ బాల్ అనే గుండు మీద పడే భారం. మీరు ఖాళీ ట్రైలర్‌తో వెళ్లరు కదా! 40 గ్యాలన్ల ట్యాంకు నింపితే నీళ్లే 330 పౌండ్ల పైన. గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ నేరుగా టంగ్ మీదే ఉంటాయి. బియ్యం, కుక్కర్లు, దుప్పట్లు, పిల్లల సైకిళ్లు ఎక్కేసరికి 6,400 దాకా వస్తుందని నా అంచనా. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం టంగ్ మీద ఉండాలి. 13 శాతం వేసుకున్నా 830 పౌండ్లు. పికప్ వెనక ఇరుసుకు అవతల పెట్టే కూలర్, జనరేటర్ బరువూ ఇందులో కలుపు. అందుకే నీకు 1,000 పౌండ్ల బార్లు కావాలి. అలాగని 1,400వి తీసుకోకు. మరీ బిరుసైన బార్లు సరిగ్గా వంగవు, గతుకు వచ్చినప్పుడల్లా ట్రక్కునూ ట్రైలర్ ఫ్రేమునూ కుదిపేస్తాయి.

టంగ్ భారం తగ్గుతుంది కదా అని సామానంతా వెనక్కి సర్దొద్దు. ఎడ్లబండిలో వెనక భారం ఎక్కువైతే కాడి పైకి లేచినట్టే ఇక్కడా బాల్ మీద పట్టు పోతుంది, ఫ్రీవే వేగంలో ట్రైలర్ ఊగడం మొదలవుతుంది.

బార్లు బిగిస్తే ట్రక్కు వెనక ఇరుసు మీది భారంలో కొంత ముందు చక్రాలకు, కొంత ట్రైలర్ ఇరుసులకు వెళ్తుంది. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగ్, బ్రేకు రెండూ మాట వినవు. దానికే ఈ హిచ్. ట్రక్కు మోయగలిగే బరువును మాత్రం ఇది పెంచదు. డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్ చదువు. అక్కడ 1,550 అని ఉంటే టంగ్ 830, హిచ్ ఒక 90 పోగా మిగిలేది 630. మీ నలుగురూ, బెడ్‌లో సామానూ అందులోనే సర్దుకోవాలి. రిసీవర్ (ట్రక్కు వెనక హిచ్ దూర్చే గొట్టం) మీది లేబుల్ కూడా చూడు, దాని పరిమితి వేరు.

రకం విషయానికొస్తే, ఊగకుండా పట్టే ఏర్పాటు హిచ్‌లోనే ఉన్నది తీసుకో. డల్లాస్ నుంచి అమరిల్లో వెళ్లే 287 హైవే మీద పక్కగాలి గట్టిగా కొడుతుంది, పైగా పెద్ద లారీలు దాటిపోతుంటాయి. ఊపు ఆపడానికి విడిగా తగిలించే ఫ్రిక్షన్ బార్ చవకే కానీ రివర్స్ చేసే ముందు తీసేయాలి. పిల్లలు ఆకలంటుంటే క్యాంప్ సైట్‌లో చీకట్లో ఆ పని ఎవరికీ గుర్తుండదు. బ్రాకెట్ల మీద బార్లు రాసుకుంటూ ఊపు ఆపే రకం తిరిగేటప్పుడు కీచుమంటుంది, అయినా నా ఓటు దానికే.

బిగించేటప్పుడు టేపు దగ్గర పెట్టుకో. ట్రైలర్ తగిలించక ముందు నేల నుంచి ట్రక్కు ముందు చక్రం మీది ఫెండర్ అంచు దాకా కొలువు. 37 అంగుళాలు ఉందనుకో. తగిలించాక, బార్లు వేయకుండా, 38న్నర అయింది. మీ మాన్యువల్ పెరిగినదాంట్లో సగం తగ్గించమంటే 37 ముప్పావుకు రావాలి. కంపెనీని బట్టి ఇది మారుతుంది, కొన్ని ఎస్‌యూవీలకైతే ఈ హిచ్ అసలు వాడొద్దంటారు. బార్లు ఎక్కించేటప్పుడు టంగ్ జాక్‌తో ట్రక్కు వెనక భాగాన్ని పైకి లేపు, భారం తగ్గి సులువుగా ఎక్కుతాయి. బలంతో లాగొద్దు, జారితే చెయ్యి విరుగుతుంది.

మొదటి ట్రిప్పుకు అన్నీ సర్దాక ట్రక్ స్టాప్‌లోని క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) మీద మూడుసార్లు తూయించు: బార్లతో, బార్లు లేకుండా, ట్రైలర్ విప్పేసి ట్రక్కు ఒక్కటే. ఆ మూడు స్లిప్పులూ ఫోటో తీసి పంపు, ఏది ఎంత బిగించాలో ఫోన్‌లో మాట్లాడుకుందాం.

పెదనాన్న