మొక్కు మీది, మైకు ముందు నిలబడింది మీ అమ్మాయి

ప్రశ్న: వందనాలు మేడమ్. మాది సికింద్రాబాద్, మెట్టుగూడ. నేను గవర్నమెంటు టీచర్‌ని, వయసు 54. పెళ్ళయిన ఎనిమిదేళ్ళ దాకా పిల్లల్లేక, బైబిల్లోని హన్నాలాగా కన్నీళ్ళతో మొక్కుకుంటే పుట్టింది మా అమ్మాయి. కడుపులో పడకముందే దేవుని సేవకు ప్రతిష్ఠించాను. ఇప్పుడు తనకు 27. బీఎస్సీ నర్సింగ్ చేసి ప్రైవేటు హాస్పిటల్లో పనిచేస్తోంది. రెండేళ్ళ కిందట ప్రధానం (నిశ్చితార్థం) అయ్యాక అబ్బాయి తరఫువాళ్ళు వద్దనుకున్నారు. అదీ దేవుని చిత్తమేనని నా నమ్మకం.

మొన్న మే నెలలో చర్చి టీమ్‌తో మేమిద్దరం కెన్యా వెళ్ళాం. ఇద్దరి టికెట్లూ తనే కొంది. కిసుము దగ్గర పల్లెల్లో పొద్దున మెడికల్ క్యాంపు, సాయంత్రం మీటింగు. నేను తెలుగులో సాక్ష్యం, అంటే దేవుడు నా జీవితంలో చేసిన మేలు, చెబితే మా అమ్మాయి ఇంగ్లీషులోకి, అక్కడి బ్రదర్ వాళ్ళ లువో భాషలోకి తర్జుమా చేసేవారు. మూడు రోజులు బాగా జరిగింది. నాలుగో రోజు ప్రధానం తప్పిపోయిన సంగతి దగ్గరికి వచ్చేసరికి, నేనంతసేపు చెప్పింది రెండు ముక్కల్లో తేల్చేసి, మైకు ఎవరి చేతికో ఇచ్చి దిగిపోయింది. అందరి ముందూ నాకు తల కొట్టేసినట్టయింది. అక్కడి నర్సుతో మాత్రం మా ఇంటి విషయాలన్నీ చెప్పుకుందట. క్యాంపు ఫోటో పంపుతున్నాను చూడండి. మొదటిసారి సరిగ్గా రాలేదని పేషెంటుకు బీపీ పట్టీ మళ్ళీ చుట్టించి తీయించాను. అయినా నవ్వలేదు.

ఇంటికొచ్చాక ముభావంగా ఉంటోంది. కుటుంబ ప్రార్థనకు కూర్చోవడం మానేసింది. నేను పేరు పెట్టి గట్టిగా ప్రార్థిస్తున్నా గదిలోంచి రాదు. మా వారు వదిలెయ్యమంటారు. వచ్చే ఆదివారం మా ఇద్దరి సాక్ష్యం ఉంటుందని చర్చిలో చెప్పేశారు. దసరా సెలవుల్లో మళ్ళీ ట్రిప్పు ఉంది. ఎల్లో ఫీవర్ టీకా కార్డు కూడా ఉంది కదా, రావడానికేం అంటే జవాబు చెప్పదు. పాస్టర్ గారితో కౌన్సెలింగ్ ఇప్పించి ఒప్పించమంటారా? తను విశ్వాసం నుంచి జారిపోయిందంటారా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరడిగిన రెండింటికీ ముందే చెప్పేస్తాను. దసరా ట్రిప్పుకు మీ అమ్మాయి రాదు, బలవంతం చేయకండి. విశ్వాసం సంగతి ఆమెకూ దేవుడికీ మధ్య ఉన్నది. ఒక ఉత్తరం చదివి 27 ఏళ్ళ మనిషి విశ్వాసం ఎంతుందో తేల్చే పని నేను పెట్టుకోను, మీరూ పెట్టుకోవద్దు. ఇక ఎల్లో ఫీవర్ కార్డంటారా, అది జీవితాంతం చెల్లుతుంది, నిజమే. నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఆ టీకా వేయించుకున్నవాళ్ళంతా ఏటా ఆఫ్రికా వెళ్ళాలని రూలేమీ లేదు.

ఆ నాలుగో రోజు సాయంత్రం ఏం జరిగిందో మీరు మీ వైపు నుంచి రాశారు. ఒకసారి అటువైపు నిలబడి చూడండి. తర్జుమా చేసేవాళ్ళు 'మా అమ్మ ఇలా అంటోంది' అనరు కదా. మీరు 'నేను' అంటే తనూ 'నేను' అనాలి. మీరు 'నా బిడ్డకు కుదిరిన సంబంధం చెడిపోయింది' అంటే, ఆ చెడిపోయిన సంబంధం ఎవరిదో ఆ బిడ్డే మైకు పట్టుకుని 'నా బిడ్డకు' అని చెప్పాలి. అవతల ఆ బ్రదర్ దాన్ని అందుకుని తన భాషలో ఇంకోసారి చెబుతాడు. అది వినగానే జనం మిమ్మల్ని చూడరు, ఆమెను చూస్తారు. మూడు సాయంత్రాలు ఈ పని చేసింది మీ అమ్మాయి. నాలుగో సాయంత్రం ఆమెవల్ల కాలేదు. మీకు తల కొట్టేసినట్టయిందని రాశారు. ఆ పిల్లకు ఎలా ఉందో ఉత్తరం మొత్తంలో ఒక్క వాక్యం లేదు. ఆ అబ్బాయిని తను ఇష్టపడిందా, ప్రధానం ఉంగరం వెనక్కి ఇచ్చేటప్పుడు ఏడ్చిందా, ఆ తర్వాత పెళ్ళి మాటెత్తితే ఏమంటోంది? ఏమీ లేదు. దేవుని చిత్తం అని ఒక ముక్క రాసి దాటేశారు.

చిత్తమే కావచ్చు. ఆ మాట అనే హక్కు మాత్రం ఆ దెబ్బ తిన్న మనిషిది. పక్కనుండి చూసిన మనం ఆమె తరఫున అనేయకూడదు, కన్నతల్లయినా సరే.

మీరు పంపిన ఫోటో చాలాసేపు చూశాను. బల్ల మీద ఒక ముసలావిడ చెయ్యి చాపి ఉంది. మీ అమ్మాయి రెండు వేళ్ళు ఆవిడ మణికట్టు మీద ఉన్నాయి. మీ అమ్మాయి కళ్ళు కెమెరావైపు లేవు, ఆవిడ మొహం మీదున్నాయి. భుజం మీద ఒక చెయ్యి ఉంది, ఇటు తిరగమన్నట్టు. ఆ చెయ్యి మీదే అనుకుంటాను. నవ్వలేదని మీ ఫిర్యాదు. ఫోటో కోసం పేషెంటు చేతికి పట్టీ రెండోసారి బిగించమంటే ఏ నర్సు నవ్వుతుంది చెప్పండి? పేషెంటు అనుమతి లేకుండా ఫోటో తీయకూడదని ఆమెకు చదువుకునే రోజుల్లోనే నేర్పి ఉంటారు. తన పనిలో తప్పని తెలిసిన పనిని, అమ్మ అడిగిందని, టీమ్ అందరి ముందూ చేసింది. ఆ ఫోటో మీ చర్చి వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టే ఉంటారు. ముందు అది తీసేయండి.

ఒక్కటి గమనించారా? పొద్దున క్యాంపులో ఆమె మీద మీకు ఏ ఫిర్యాదూ లేదు. సొంత లీవు పెట్టుకుని, సొంత డబ్బుతో ఇద్దరి టికెట్లూ కొని, ముంబయి మీదుగా అంత దూరం వచ్చి, రోజంతా నిలబడి బీపీలు చూసిన మనిషి ఆమె. దీన్ని సేవ అనరా? మీ లెక్కలో సాయంత్రం మైకు ముందు చేసిందే సేవ అయిపోయింది. ఎందుకంటే అక్కడ కథ మీది. ఆ కథలో ఆమె మీ ప్రార్థనకు వచ్చిన జవాబు. జవాబుకు సొంత నోరు ఉండదు కదా, అందుకే రెండు ముక్కల్లో ముగించేసరికి మీకు అంత కష్టం కలిగింది.

మీరు హన్నా పేరెత్తారు కాబట్టి నేనూ అక్కడి నుంచే మాట్లాడతాను. హన్నా మొక్కుకుంది, చెల్లించింది, నిజమే. చెల్లించాక ఏం చేసింది? పిల్లవాడు సమూయేలును షిలోహు మందిరంలో యాజకుడు ఏలీ దగ్గర వదిలి ఇంటికి వెళ్ళిపోయింది. 'వీడు నా మొక్కుకు పుట్టినవాడు' అంటూ రోజూ మందిరం గుమ్మంలో కూర్చోలేదు. ఏటా బలి అర్పించడానికి భర్తతో వెళ్ళినప్పుడు చిన్న అంగీ ఒకటి కుట్టి తీసుకెళ్ళేది. పిల్లవాడు పెరుగుతున్నాడు, పోయినేటి కొలత ఈ ఏటికి సరిపోదు, కొత్త కొలతకు కుట్టాలి. మీరు మాత్రం పుట్టకముందు తీసిన కొలతతోనే ఇప్పటికీ కుడుతున్నారు.

న్యాయాధిపతుల గ్రంథంలో ఇంకో మొక్కు కూడా ఉంది. యుద్ధంలో గెలిస్తే ఇంట్లోంచి ఎదురొచ్చినవారిని బలి ఇస్తానని యెఫ్తా మొక్కుకున్నాడు, ఎదురొచ్చింది కూతురు. చెల్లించాల్సి వచ్చింది ఆమె. మాట తప్పలేనని తండ్రి అంటే సరేనంది. రెండు నెలల గడువు మాత్రం అడిగింది. ఆ రెండు నెలలూ తండ్రి దగ్గర కూర్చుని ఏడవలేదు. చెలికత్తెలతో కలిసి కొండల మీదికి వెళ్ళి ఏడ్చింది. ఈ భాగం మీద మన చర్చిల్లో ప్రసంగాలు తక్కువ, ఎందుకో నాకు తెలుసు.

ఆ కెన్యా నర్సు సంగతి ఇప్పుడు అర్థమైందనుకుంటాను. ఇంటి విషయాలు బయటివాళ్ళతో చెప్పుకుందని మీకు నొప్పి. అమ్మా, అవే విషయాలు నాలుగు సాయంత్రాలు మైకులో చెప్పింది మీరు! మీరు చెబితే సాక్ష్యం, ఆమె చెబితే పరువు పోయినట్టా? ఆ నర్సు పక్కన కూర్చుని, చేతిలో పని చేసుకుంటూ, 'నువ్వెలా ఉన్నావ్' అని అడిగి ఉంటుంది. అడిగి ఊరుకుని విని ఉంటుంది. ఇంట్లో ఆ పని ఎవరూ చేయలేదు. మీ వారు చేసి ఉండొచ్చు, ఆయన 'వదిలెయ్' అన్నారంటే ఆయనకు కొంత అర్థమైనట్టే ఉంది. ఈ విషయంలో ఆయన మాట వినండి.

తప్పంతా మీదేనని అనడం లేదు. మీ అమ్మాయి మొదటి రోజు రాత్రే 'అమ్మా, ఆ సంగతి వదిలెయ్, నేను చెప్పలేను' అనాల్సింది. అనలేదు. అనే ధైర్యం ఎందుకు లేకపోయిందో ఆలోచిస్తే మళ్ళీ మీ దగ్గరికే వస్తుంది.

తల్లీ పిల్లలూ కలిసి సేవకు పోవడం కొత్తేమీ కాదు, నేను దానికి వ్యతిరేకిని కూడా కాదు. 1903లో నెల్లూరు నుంచి తెలుగు బాప్టిస్టుల తరఫున జాన్ రంగయ్య దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు కుటుంబంతో సహా వెళ్ళారు. అక్కడి చెరకు తోటల్లో మనవాళ్ళు 1860 నుంచి కూలీలుగా ఉన్నారు. ఆయన తెలుగువాళ్ళతో తెలుగులో మాట్లాడారు, మధ్యలో ఎవరి నోరూ అరువు తెచ్చుకోవాల్సిన పని పడలేదు. మీకు పడింది. పడినప్పుడు టీమ్‌లో ఇంకెవరినైనా అడగాల్సింది. కూతురి బతుకును కూతురి చేతే చెప్పించకూడదని ఆ టీమ్ లీడర్‌కైనా తోచాల్సింది. మన చర్చిల్లో తల్లీకూతుళ్ళు పక్కపక్కన నిలబడితే చూడముచ్చటగా ఉందని చప్పట్లు కొడతారు గానీ, అంత దూరం ఆలోచించేవాళ్ళు తక్కువ.

కుటుంబ ప్రార్థన దగ్గరికి వస్తాను. గదిలో ఉన్న మనిషికి వినబడేలా, పేరు పెట్టి, 'ప్రభువా, నా బిడ్డ మొండితనం తీసెయ్' అంటున్నారు, అవునా? అది ప్రార్థన కాదు, కళ్ళు మూసుకుని తిట్టడం. ఆమె తిరిగి సమాధానం చెప్పడానికి లేదు, ఎందుకంటే మీరు మాట్లాడేది దేవుడితో. ఈ రోజు నుంచే మానేయండి. ఆమె గురించి ప్రార్థించాలనిపిస్తే వంటింట్లో, నోరు మెదపకుండా చేసుకోండి. నైట్ డ్యూటీ చేసి పొద్దున్నే మెట్రో దిగి వచ్చే పిల్లకు ముందు తిండి, ఆ తర్వాత నిద్ర ఉండాలి. బైబిలు వాక్యం ఆ తర్వాత చూసుకోవచ్చు.

క్షమాపణ చెప్పండి. చిన్నగా, తెలుగులో, కూర్చుని. 'మైకులో నీ సంగతి చెప్పించాను, తప్పు చేశాను, ఇంకెప్పుడూ నిన్నడక్కుండా నీ సంగతి ఎక్కడా ఎత్తను.' అంతే, 'కానీ' అని మొదలెట్టకండి. చివర్లో వాక్యం ఎత్తకండి. ఆమె ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోతే వెళ్ళనివ్వండి. ఆ మాట నిజమో కాదో రెండు మూడు నెలలు చూస్తుంది. వచ్చే కూటంలో స్త్రీల సమాజం వాళ్ళు 'అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారా' అని అడిగితే మీరేమంటారో చెవులు రిక్కించి వింటుంది.

పాస్టర్ గారితో కౌన్సెలింగ్ వద్దు. ఆయన మంచివారే కావచ్చు, మిమ్మల్నిద్దరినీ ఆదివారం సాక్ష్యానికి పిలిచింది కూడా ఆయనే కదా. తన మనసు విప్పడానికి ఆమెకు అంతకన్నా ఇరుకైన చోటు దొరకదు. శనివారంలోపు ఫోన్ చేసి ఒక్కరి పేరే ఉంచమనండి. మీ పది నిమిషాల్లో క్యాంపు గురించి, అక్కడి మనుషుల గురించి చెప్పండి, బోలెడంత ఉంటుంది. మీ అమ్మాయి ఏదని ఎవరైనా అడిగితే డ్యూటీలో ఉందని చెప్పండి చాలు. అది అబద్ధం కాకుండా ఆ రోజు డ్యూటీ వేయించుకునే తెలివి ఆమెకుందనుకోండి.

మీరు మాత్రం దసరాకు వెళ్ళండి. మానేస్తే అదొక త్యాగమై ఆ పిల్ల మీద ఇంకో బరువు పడుతుంది. ఈసారి టికెట్ మీ జీతంలోంచి కొనుక్కోండి. తర్జుమాకు వేరే మనిషిని ఇప్పుడే మాట్లాడుకోండి. అక్టోబరులో అటువైపు చిన్న వానాకాలం, కిసుము దగ్గరి విక్టోరియా సరస్సు చుట్టుపక్కల మలేరియా ఎక్కువ. వెళ్ళకముందే మాత్రలు మొదలుపెట్టాలి, వచ్చాక కూడా కోర్సు పూర్తయ్యేదాకా ఆపకూడదు. ఏ మాత్ర, ఎప్పుడు, మీరు వేరే మందులేమైనా వాడుతుంటే వాటితో పడుతుందా లేదా అన్నది డాక్టర్నే అడగాలనుకోండి, ఆ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళమని మాత్రం మీ అమ్మాయిని అడగండి. ఆమెకు తెలిసిన పని, మీకు తెలియని పని. దారిలో కెన్యా మాట మీరు ఎత్తకండి, ఆమె ఎత్తితే వినండి.