ఆసుపత్రి సీఈఓ జీతం చూసి కోర్సు ఎంచుకోవచ్చా?

ప్రశ్న: మేడమ్, మాది గుణుపురం, బట్టల కొట్టు. మా అమ్మాయి ఈ ఏడాదే బరంపురంలో బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసింది. నర్సుగా చేరను, ఎంహెచ్‌ఏ (ఆసుపత్రి నిర్వహణలో పీజీ) చదివి హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్తానంటోంది. పెద్ద ఆసుపత్రుల సీఈఓలకు కోట్లలో జీతాలని ఎక్కడో చదివిందట. మా ఆవిడేమో, రోగుల దగ్గర డబ్బు పిండే ఉద్యోగం మన పిల్లకెందుకంటుంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు మీ ఆవిడగారి మాటకి జవాబు చెప్పి, అమ్మాయి సంగతికి వస్తాను.

సీఈఓకి జీతం ఎక్కువున్న చోట వైద్యం కూడా మెరుగ్గా ఉంటుందా అని అమెరికాలో లెక్కతీశారు. 2014లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో అచ్చయింది. లాభాపేక్ష లేని ఆసుపత్రులు నడిపే 1,877 మంది సీఈఓల 2009 నాటి జీతాలు చూశారు. సగటున దాదాపు 6 లక్షల డాలర్లు. పడకలు ఎక్కువున్న చోట, ఖరీదైన యంత్రాలున్న చోట, రోగులు సంతృప్తి మార్కులు బాగా వేసిన చోట జీతం ఎక్కువ. ఎంతమంది చనిపోయారు, డిశ్చార్జి అయినవాళ్ళలో ఎంతమంది మళ్ళీ వచ్చి చేరారు అనేవాటికి మాత్రం ఆ జీతంతో సంబంధమే కనబడలేదు. పెద్ద జీతం తీసుకున్నంత మాత్రాన దొంగ అని దీనికి అర్థం కాదు. కంటికి కనిపించేదానికే డబ్బు ముడుతోందని అర్థం. కొత్త స్కానింగ్ యంత్రం అందరికీ కనిపిస్తుంది. మంచాన పడ్డ రోగికి రాకుండా ఆగిపోయిన పుండు ఎవరికి కనిపిస్తుంది?

ఇది నేను దగ్గరుండి చూసిందే. ఈ కెరీర్ సలహాల పనిలోకి రాకముందు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్స్ విభాగంలో పనిచేశాను. నెలాఖరు మీటింగులో మొదటి స్లైడు ఎప్పుడూ ఆర్పాబ్, అంటే నిండిన ఒక్కో పడక మీద రోజుకి వచ్చే రాబడి. మా బోనసులన్నీ దాని చుట్టూనే. మంచం పుళ్ళు, మందుల పొరపాట్లు, జారిపడడాలు ఉండే స్లైడు ఎక్కడో చివర. అది వచ్చేసరికి సమోసాలు వచ్చేవి, సగంమంది ఫోన్లు పట్టుకుని లేచేవారు. ఒక రాత్రి రాయగడ వైపు నుంచి వచ్చిన ముసలాయన బాత్రూముకని లేచి పడిపోయాడు. ఆ వార్డులో పద్నాలుగు మంచాలకి ఒక్క నర్సు. బెల్లు మోగుతూనే ఉంది, ఆ పిల్ల ఇంకో మంచం దగ్గర సెలైన్ మారుస్తోంది. పొద్దున్న ఇన్‌సిడెంట్ ఫారం నింపుదామంటే పైనుంచి "ఇప్పుడెందుకులే, లెక్క పెరుగుతుంది" అన్నారు. ఫారం నింపలేదు. ఆ నెల స్లైడులో జారిపడినవాళ్ళు సున్నా. నేనూ నోరు మూసుకునే కూర్చున్నాను, దాచడమెందుకు.

నర్సుల సంఖ్య చిన్న విషయం కాదండీ. 2002లో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రుల్లో చూసింది: ఒక్కో నర్సు మీద ఒక్క రోగి భారం పెరిగితే, ఆపరేషన్ రోగులు చేరిన 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరిగింది. ఇక మన దగ్గర, సుప్రీంకోర్టు ఆదేశంతో 2016లో వేసిన కమిటీ, 50 పడకలు లేని చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకి నెలకి 20,000 తగ్గకూడదని సిఫారసు చేసింది. మీ అమ్మాయి స్నేహితురాళ్ళకి ఎంతొస్తోందో ఒకసారి అడిగి చూడండి.

కనక మీ ఆవిడగారి భయం ఊరికే పుట్టింది కాదు. కానీ నర్సులు ఎంతమందిని పెట్టాలో, ఏ స్లైడు ముందు రావాలో తేల్చే కుర్చీలో వార్డు ఎరగనివాళ్ళే కూర్చుంటే ఇదే నడుస్తుంది. మీ అమ్మాయి లాంటిది అక్కడికి వెళ్ళాలనే నా కోరిక. ఇప్పుడే కాదు.

రెండేళ్ళు వార్డులో చెయ్యనివ్వండి, వీలైతే ఐసీయూలో. కోరాపుట్, రాయగడ జిల్లాల జనం పెద్ద జబ్బంటే విశాఖ రైలే ఎక్కుతారు. తెలుగూ ఒడియా రెండూ వచ్చిన నర్సుకి అక్కడ విలువుంది. ఆ ముసలాయన ఒడియాలో "పొరిస్రా" అన్నా తెలుగులో "ఒంటేలు" అన్నా తెలిసే మనిషి కావాలి. తర్వాత ఎంహెచ్‌ఏ. ముంబై టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లో ఉంది, హైదరాబాదులో అపోలో వాళ్ళ సంస్థలో ఇలాంటి కోర్సే ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లోది డాక్టర్లకే, దానికోసం ఫీజు కట్టి ఫారం పెట్టకండి. మొదటి ఉద్యోగంలో కోట్ల మాట మరిచిపోమనండి. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో చాలామంది ఎగ్జిక్యూటివ్ అనే పేరుతో బిల్లింగ్ కౌంటరు దగ్గరో, ఇన్సూరెన్స్ డెస్కులోనో మొదలుపెట్టినవాళ్ళే. వార్డు చేసొచ్చిన అమ్మాయికి క్వాలిటీ విభాగం తలుపు తొందరగా తెరుచుకుంటుంది. ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతకి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు కావాలనుకునే ఆసుపత్రికి ఇన్ఫెక్షన్లు, మందుల పొరపాట్లు లెక్క రాసే మనిషి ఉండి తీరాలి.

ఇంటర్వ్యూకి వెళ్ళేముందు ఒక పని చెయ్యమనండి. అది స్టాక్ మార్కెట్లో లిస్టయిన ఆసుపత్రి అయితే వార్షిక నివేదిక తిరగెయ్యమనండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం, ఉద్యోగులందర్నీ జీతం వరసలో నిలబెడితే సరిగ్గా నడిమధ్య ఉన్నవాళ్ళ జీతానికి ఒక్కో డైరెక్టరు జీతం ఎన్ని రెట్లో అందులో రాసి తీరాలి. చివర్లో "మీరేమైనా అడుగుతారా" అంటారు కదా, అప్పుడు "ఈ పోస్టుకి ఇన్సెంటివ్ దేనిమీద లెక్కగడతారండీ?" అని అడగాలి. అన్నీ రాబడి అంకెలే చెప్పి, ఇన్ఫెక్షన్ల ఊసే ఎత్తకపోతే ఆ ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు నాకు ఫోన్ చెయ్యమనండి.