రెండుసార్లు మోగింది

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఫిబ్రవరిలో హైదరాబాద్ నయా ఖిల్లా మైదానంలో మీ ఆఫీసువాళ్ళ గోల్ఫ్ పోటీకి పేరిచ్చావట. "అన్నయ్యా, ఆ పిచ్చి దానికి అంటించింది నువ్వే, మందు కూడా నువ్వే చెప్పు" అని ఒకటే గొడవ. పైకి "నేను మాట్లాడతాలే" అన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక నిద్రపోతున్న మీ అత్తయ్యను లేపి మరీ ఈ కబురు చెప్పాను. ఆవిడ "మంచిదే, పడుకోండి" అని అటు తిరిగింది. నాకు మాత్రం తెల్లవారేదాకా నిద్ర లేదు. సగం సంబరం, సగం భయం.

భయం ఎందుకంటే, మాటల మధ్యలో మీ అమ్మ "అరవై అట, అదేదో కొత్త కర్ర కొందిట, 13 వేలట" అంది. అరవై డిగ్రీల వెడ్జ్, అంటే ముఖం బాగా వెనక్కి వాలి, బంతిని ఎత్తుగా లేపే కర్ర! ఏడాదిన్నర ఆటకి అరవై డిగ్రీలు! ఫోనులో తిడితే నువ్వు "ఊఁ మావయ్యా, ఊఁ మావయ్యా" అంటూ లాప్‌టాప్ చూసుకుంటావు. అందుకే రాస్తున్నాను. కూర్చుని చదువు.

ముందు ఒక మాట. నీది ఎడమచేతి వాటం. నేను కుడి, ఎడమ అని రాస్తే నువ్వు తిరగేసి చదువుకోవాలి, మధ్యలో తికమకపడతావు. అందుకని ముందుకాలు అంటాను, అంటే జెండా వైపు ఉన్న కాలు. చిన్నప్పుడు మీ నానమ్మ అన్నం దగ్గర నీ ఎడమచేతి మీద ఎన్నిసార్లు కొట్టిందో నాకు తెలుసు. ఆ చేత్తోనే ఇప్పుడు ఆడుతున్నావు, ఆడు.

చిప్‌కి, అంటే జెండా పాతిన నున్నటి గడ్డి (గ్రీన్) పక్కనుంచి బంతిని మెల్లిగా దాని మీదికి పంపే దెబ్బకి, ఎలా నిలబడాలో నీ కోచ్ చెప్పే ఉంటాడు. బరువు ముందుకాలి మీద, పాదాలు దగ్గరగా, పట్టు కాస్త కిందికి, బంతి కొంచెం వెనక. అంతే, దాని గురించి ఇంకేమీ రాయను.

చెప్పాల్సింది ఏ కర్ర తీయాలన్నది. గ్రీన్ పక్కన బంతి ఉంది, మధ్యలో బంకర్, అంటే ఇసుక గుంట, లేదు, గుట్ట లేదు. అలాంటప్పుడు బంతి గాల్లో ఎంత తక్కువసేపు ఉంటే నీకు అంత మేలు. ఏడో నంబరు ఐరన్‌తో తోస్తే దూరంలో సుమారు పావు వంతు గాల్లో పోతుంది, ముప్పావు దొర్లుతుంది. పిచింగ్ వెడ్జ్ అయితే మూడో వంతు గాల్లో, మిగతాది నేల మీద. శాండ్ వెడ్జ్ సగం సగం. గ్రీన్ వాలునిబట్టి, గడ్డినిబట్టి ఇది మారుతుంది, కానీ మొదలుపెట్టడానికి ఈ లెక్క చాలు. ఒకే ఊపు, కర్ర మాత్రం మారుతుంది. నువ్వేమో అన్నిటికీ ఒకే కర్ర పట్టుకుని రోజుకో ఊపు నేర్చుకుందామని చూస్తున్నావు.

పండక్కి వస్తావుగా, మన కొబ్బరితోటలో చూపిస్తాను. భోగి మర్నాటికి మగాళ్ళందరూ కోడిపందాలకి పోతారు, తోటంతా మనదే. ఒక గోనెసంచి నాలుగు మడతలు వేసి నేల మీద పరుస్తాను. బంతి ఆ గోనె మీద పడాలి. జెండా ఎక్కడుందో పట్టించుకోకు. జెండాను చూసినవాళ్ళు చేతులతో బంతిని అక్కడిదాకా మోసుకెళ్ళాలని చూస్తారు. గోనెను చూసినవాళ్ళు దాని మీద పడేసి ఊరుకుంటారు. రోజుకి యాభై బంతులు. గోనె మీద పడితే దబ్బుమని ఒక చప్పుడు వస్తుంది, ఆ చప్పుడుకి అలవాటు పడాలి.

చప్పుడు అన్నాను కాబట్టి, ఇప్పటిదాకా నీకు చెప్పని సంగతి ఒకటుంది. మీ అమ్మకి కూడా తెలియదు.

1985లో యూఎస్ ఓపెన్ మిషిగన్‌లో, ఓక్లాండ్ హిల్స్‌లో జరిగింది. తైవాన్ నుంచి టి.సి. చెన్ అని ఒకాయన ఆఖరి రోజు అందరికంటే నాలుగు దెబ్బలు తక్కువతో ముందున్నాడు. అయిదో హోల్‌లో గ్రీన్ పక్క దుబ్బుగడ్డిలోంచి చిప్ చేయబోయాడు. బంతి లేచీ లేవకముందే వెడ్జ్ దాన్ని తరుముకుంటూ వెళ్ళి గాల్లోనే ఇంకోసారి తాకింది. అప్పటి రూలు ప్రకారం ఒక దెబ్బ జరిమానా. ఆ ఒక్క హోల్‌కే ఎనిమిది అయ్యాయి. చివరికి ఆండీ నార్త్ గెలిచాడు, చెన్ ఒక్క దెబ్బ తేడాతో పోగొట్టుకున్నాడు. మేమంతా ఆ వార్త చదివి వారం రోజులు నవ్వుకున్నాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

మరుసటి ఏడు విశాఖలో ఆఫీసుల మధ్య పోటీ పెట్టారు. నాకు 33 ఏళ్ళు. మీ తాతయ్య అప్పుడు శుక్లాల ఆపరేషన్‌కని వచ్చి మా ఇంట్లో ఉన్నారు. కంటికి పచ్చగుడ్డ, దాని మీద నల్లద్దాలు. ఎండలోకి పోవద్దన్నాడు డాక్టరు. ఆయన వింటేనా! "వీడు కర్రతో బంతిని కొడుతుంటే గవర్నమెంటు జీతమిస్తోందా, చూసొస్తాను" అని పంచె కట్టుకుని, కండువా వేసుకుని బయల్దేరారు. చూడ్డానికి కళ్ళే లేవు ఆయనకి.

పద్దెనిమిదో హోల్, అదే ఆఖరిది, పార్ నాలుగు, అంటే నాలుగు దెబ్బల్లో ముగించాల్సింది. నేను రెండు దెబ్బలు ముందున్నాను. నా రెండో దెబ్బకి బంతి గ్రీన్ అంచుకి రెండు గజాల ఇవతల ఆగింది. జెండాకీ నాకూ మధ్య అడ్డం ఏమీ లేదు. చీపురుకట్టతో తోసినా పోయేది. కానీ ఎదురుగా మా పెద్దాఫీసరు, ఆయన భార్య, ఓడల మీద వచ్చిన ఇద్దరు విదేశీ కెప్టెన్లు కుర్చీలేసుకుని కూర్చున్నారు. నాకు చూపించాలనిపించింది. శాండ్ వెడ్జ్ తీశాను. నా కర్రలు మోసే క్యాడీ కుర్రాడు "సెవెన్ సార్, సెవెన్" అని గొణిగాడు. వినపడనట్టే ఉన్నాను.

మొదటిది బంతి వెనక మట్టిలో దిగబడింది. బంతి జానెడు జరిగింది. చెవులు వేడెక్కాయి. అప్పుడు నేను చేయాల్సిందల్లా ఆ కర్రను బ్యాగులో పెట్టేసి, గుక్కెడు నీళ్ళు తాగి, ఏడో నంబరు తీయడం. తీయలేదు. అదే కర్రతో, ఇంకా తొందరగా కొట్టాను. కొట్టేటప్పుడు చేతులు మధ్యలో జంకి ఆగాయి, ఆగి మళ్ళీ ఎగబడ్డాయి. టక్. టక్. రెండోది చాలా చిన్నది, గాజు మీద గోరు తగిలినట్టు. బంతి గ్రీన్ మీద పడింది. రెండు పట్‌లు, అంటే గ్రీన్ మీద దొర్లించే దెబ్బలు, వేసి ముగించాను. అవతలివాడు నాలుగులో ముగించాడు.

వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. అక్కడిదాకా రెండు, దిగబడింది ఒకటి, లేచింది ఒకటి, పట్‌లు రెండు. ఆరు. అంటే సమానం, ఇంకో హోల్ ఆడిస్తారు. రెండోసారి తగిలిందన్న సంగతి నాకొక్కడికే తెలుసు. మార్కర్, అంటే దెబ్బల లెక్క చూసేవాడు, అవతలి పక్కనున్నాడు. కార్డు మీద పెన్సిల్ పెట్టాను. వెనకనుంచి మీ తాతయ్య గొంతు వినపడింది, మెల్లిగానే. "నాకు కనపళ్ళేదురా. రెండుసార్లు మోగింది. ఈ ఆటలో అలాగే మోగాలా?"

ఆయనకి ఆ ఆటలో ఒక్క రూలూ తెలియదు. నిజంగానే అడిగారు. నేను ఏడు వేశాను.

రిక్షాలో ఇంటికొచ్చేటప్పుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంటి మలుపు తిరిగాక అన్నారు. "నేలంతా అంత నున్నగా చేసి పెట్టారుగదా, మరి గాల్లోకి ఎందుకు లేపావు?" చిన్నప్పుడు గోళీలాటలో ఊళ్ళోవాళ్ళందరి గోళీలూ గెలిచి ఇత్తడి చెంబులో దాచుకున్న మనిషి ఆయన.

2019లో ఆ రూలు మార్చేశారు. అనుకోకుండా రెండుసార్లు తగిలితే ఇప్పుడు జరిమానా లేదు, ఒక దెబ్బ కిందే లెక్క. ఆ వార్త చదివిన రోజు పొలం గట్టు మీద ఒక్కణ్ణే చాలాసేపు కూర్చున్నాను. చెన్‌ని కూడా తలుచుకున్నాను.

నీ 13 వేల కర్ర సంగతికి వస్తాను. కొన్నావు, సరే, ఉంచుకో. దాని అడుగుభాగం ఒకసారి తిప్పి చూడు. అక్కడ రాసిన చిన్న అంకె బౌన్స్. అంటే కర్ర అడుగు ఎంత ఉబ్బుగా ఉందో చెప్పే కొలత. మన ఒండ్రుమట్టి నేలలాంటి మెత్తటి చోట, మెత్తటి ఇసుకలో ఎక్కువ బౌన్స్ ఉంటే కర్ర కూరుకుపోకుండా జారుతుంది. నయా ఖిల్లా గోల్కొండ కోటలోది, చుట్టూ బండలే. నేల గట్టిగా ఉన్నచోట ఉబ్బు ఎక్కువున్న కర్ర ఎగిరి, దాని అంచు బంతి నడుముకి తగులుతుంది. బంతి గ్రీన్ దాటి అవతలి గడ్డిలో పడుతుంది. నువ్వు కొన్నదానికి ఎంత ఉందో నాకు ఫోటో తీసి పంపు. పోటీ రోజున మాత్రం అది బ్యాగులోంచి బయటికి రాకూడదు. తప్పనిసరిగా బంకర్ మీదుగా లేపాల్సివస్తే తప్ప. అప్పుడు కూడా ఒకసారి మీ తాతయ్యను తలుచుకో.

చేతులు మధ్యలో ఆగకూడదు. ఇది నా జబ్బు, నీకు రాకూడదని నా బెంగ. పొద్దున్నే వాకిట్లో కళ్ళాపి చల్లేటప్పుడు చూశావా, చెయ్యి మధ్యలో ఆపితే నీళ్ళన్నీ చల్లినవాళ్ళ కాళ్ళ మీదే పడతాయి. వెనక్కి తక్కువ తీసుకో, ముందుకి పూర్తిగా పోనీ. వెనక్కి ఎక్కువ తీశామన్న భయంతోనే చేతులు ఆగిపోతాయి.

బంకర్‌కి వేరే ఖర్చు అక్కర్లేదు. గోదారి ఇసుక ఉంది. కనుమనాడు పడవలో లంకకి పోదాం. ఇసుకలో ఒక గీత గీసి, బంతి లేకుండా, ఆ గీత దగ్గర ఇసుక లేచేట్టు ఇరవైసార్లు కొట్టు. ప్రతిసారీ గీత దగ్గరే లేస్తోందంటే, అప్పుడు గీతకి రెండంగుళాలు ముందు బంతి పెడతాను. నువ్వు కొట్టేది ఇసుకని, బంతి దానితోపాటు వస్తుంది. ఇప్పుడు మనం వాడే శాండ్ వెడ్జ్‌ని జీన్ సారజెన్ అనే ఆయన తన కర్ర అడుగున టంకం పోసి బరువుగా, వెడల్పుగా చేసి తయారుచేసుకున్నాడు. 1932లో దాంతో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. స్పెయిన్‌లో బాయెస్టెరోస్ అనే ఆటగాడైతే చిన్నప్పుడు ఒకే ఒక్క మూడో నంబరు ఐరన్‌తో సముద్రపు ఇసుకలో నేర్చుకున్నాడు. పందొమ్మిదేళ్ళ వయసులో, 1976 బ్రిటిష్ ఓపెన్ ఆఖరి హోల్‌లో, రెండు బంకర్ల మధ్య సందులోంచి బంతిని నేల మీదే దొర్లించి, జాక్ నిక్లాస్ అంతటి ఆటగాడితో సమానంగా రెండో స్థానంలో నిలిచాడు. ఆయన దగ్గర వెడ్జ్‌లు లేక కాదు.

లంకలో ఎంతసేపైనా ఇసుకని తాకి చూసుకో. పోటీలో మాత్రం బంకర్‌లో నిలబడి ఉత్తుత్తి ఊపు ఊపేటప్పుడు కర్ర ఇసుకకి తగిలితే రెండు దెబ్బలు జరిమానా. బంతి వెనక కర్రని ఆనించి పెట్టినా అంతే. ఇది మర్చిపోయేవాళ్ళు చాలామంది.

గ్రీన్ మీద గడ్డి ఎటు వాలిందో చూడు. మన దేశంలో ఎక్కువ చోట్ల బెర్ముడా గడ్డే. నీ వైపునుంచి చూస్తే మెరుస్తోందంటే నీకు దూరంగా వాలినట్టు, బంతి జోరుగా పోతుంది. మసకగా కనిపిస్తే నీకు ఎదురు. ఆవు వీపు మీద చెయ్యి అటూ ఇటూ రాస్తే తెలిసినట్టే.

ఇంకో సంగతి, నవ్వకు. తోటలో బంతి గట్టు కన్నంలోకి పోతే చెయ్యి పెట్టకు. పీత అయితే కరిచి వదిలేస్తుంది, పాము అయితే ఏం చేయాలి? కాలవలో పడిన బంతి కాలవదే. ఏడేళ్ళప్పుడు రేవులో జారి, జడ ఒక్కటే పైకి తేలుతుంటే, ఆ జడ పట్టుకుని లాగింది నేనే. ఆ రోజునుంచి నువ్వు నీళ్ళ అంచున నిలబడితే నా అరచేతులకి చెమటలు పడతాయి. బంతి ఎంత, వంద రూపాయలు. కొనిస్తాను.

పోటీ రోజున వస్తున్నాను. మీ అమ్మకి చెప్పకు. రాజమండ్రిలో గౌతమి ఎక్కుతాను, మీ అత్తయ్య రానంది. పద్దెనిమిదో గ్రీన్ దగ్గర నన్ను వెతకొద్దు, చూసేవాళ్ళ వరసలో నేనుండను. క్లబ్ వాళ్ళు రానిస్తే ఏదో చెట్టు కింద వెనకాల కూర్చుంటాను.

ఆత్రేయపురం పూతరేకులు తెస్తాను. ఆట అయ్యేదాకా డబ్బా మూత తీయకు, నెయ్యి వేళ్ళకి అంటితే పట్టు జారుతుంది.

మీ మావయ్య