ముత్తాత కట్టించిన సముద్రపు ఇల్లు: అమ్మాలా, ఉంచుకోవాలా?

ప్రశ్న: సముద్రం ఒడ్డున మా ముత్తాత కట్టించిన ఇల్లు ఇప్పుడు మా ముగ్గురిదీ. నాకు 56 ఏళ్లు, ఇంకో నాలుగేళ్లలో రిటైరవుతాను. తమ్ముడు అమ్మేద్దామంటున్నాడు. చెల్లెలు ససేమిరా అంటోంది. వంటింటి గుమ్మం మీద మా ఎత్తులు కొలిచి నాన్న గీసిన గీతలు ఇంకా అలాగే ఉన్నాయి. ఒకాయన మంచి ధరే ఇస్తానంటున్నారు కానీ నెలలోపు ఏదో ఒకటి తేల్చమంటున్నారు. నాకున్న మొత్తం ఆస్తిలో సగానికి పైగా ఈ ఇంట్లో వాటాయే. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది మీ వాటా గురించి రాసిన మాట. రిటైరయ్యే ముందు సగం ఆస్తి ఒకే ఇంట్లో, అదీ ఉప్పుగాలికి నానుతున్న పాత ఇంట్లో, ముగ్గురి సంతకాలు పడితే తప్ప కదలని ఇంట్లో ఇరుక్కుని ఉండకూడదు. మీ వాటాను డబ్బు చేసుకోండి. అయితే కొనేవారి తొందరకు తలొగ్గకండి. చెల్లెలికి ముందు అవకాశం ఇవ్వకుండా అమ్మకండి.

ఇంటి విలువ 100 అనుకుందాం. మామూలు ఇంటికే ఏడాదికి విలువలో 1 శాతం రిపేర్లకు పక్కన పెట్టమంటాం. సముద్రం పక్కన పాత ఇంటికి 3 పెట్టినా ఎక్కువ కాదు. పన్ను, ఇన్సూరెన్స్, కాపలా కలిపి ఇంకో 1. ఆ డబ్బే మరోచోట భద్రంగా ఉంటే వచ్చే రాబడి 5 అనుకుంటే మొత్తం 9. పోయిన ఏడాది మీ ముగ్గురి కుటుంబాలు ఆ ఇంట్లో ఎన్ని రాత్రులు పడుకున్నాయో లెక్కపెట్టండి. 18 అయితే, ఒక్కో రాత్రికి ఇంటి విలువలో అర శాతం ఖర్చయినట్టు. ధర కూడా పెరుగుతుంది కదా అంటారు. పెరిగేది స్థలం ధర, గోడలది కాదు. ఇల్లు వారసత్వ కట్టడాల జాబితాలో ఉంటే కూల్చి కట్టే వీలు ఉండకపోవచ్చు. అప్పుడు స్థలం ధర పెరిగినా అదంతా మీ చేతికి రాదు, కొనేవాళ్లూ తక్కువే దొరుకుతారు.

ఈసారి వెళ్లినప్పుడు తలుపు కీలును వేలితో గీకి చూడండి. తుప్పు పొరలుగా ఊడివస్తే, తర్వాత కట్టిన కాంక్రీట్ భాగాల్లోని ఇనుము సంగతి కూడా కనుక్కోవాల్సిందే. ఉప్పు లోపలికి దిగితే ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, అప్పుడు శ్లాబు పెచ్చులూడుతుంది. సున్నంతో కట్టిన గోడలకు సిమెంట్ పూత వేయించారా? అలా వేస్తే తేమ బయటికి పోయే దారి లేక, ఉప్పుతో కలిసి లోపల ఇటుకనే తినేస్తుంది. పాత కట్టడాలు తెలిసిన ఇంజినీరును ఒక పూట తీసుకెళ్లండి. ఆయన ఇచ్చే రిపేర్ల అంచనా చెల్లెలికీ అవసరమే, ధర తేల్చడానికీ అవసరమే.

ఇంకో మాట. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచవ్యాప్తంగా సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. అందులో 2006 నుంచి 2018 మధ్య ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. అందుకే ఇన్సూరెన్స్ పాలసీ తీసి, వరదకూ తుపానుకూ వర్తిస్తుందో లేదో చూడండి. ఇల్లు పడిపోతే అదే చోట మళ్లీ కట్టనిస్తారో లేదో కూడా అడగండి. చాలా తీరాల్లో కొత్త కట్టడాలు ఒడ్డుకు ఇంత దూరంలో ఉండాలని నిబంధనలు ఉన్నాయి.

పన్ను లెక్క బేరం కుదిరాక కాదు, ముందే వేయించండి. అమ్మకంలో లాభం ఎంతో తేల్చడానికి కొన్న ధర కావాలి, వారసత్వంగా వచ్చిన ఇంటికి ఆ ధరను ఒక్కో దేశం ఒక్కోలా చూస్తుంది. అమెరికాలో సాధారణంగా యజమాని చనిపోయిన రోజు విలువనే లెక్కలోకి తీసుకుంటారు. భారత్‌లో అయితే పాత యజమాని పెట్టిన ఖర్చునే మీరు కొన్న ధరగా చూస్తారు. ఆస్తి 2001 ఏప్రిల్ 1కి ముందుదైతే, దాని బదులు ఆ రోజు నాటి విలువను ఎంచుకోవచ్చు. ఈ ఒక్క తేడాతోనే చేతికొచ్చే మొత్తం చాలా మారిపోతుంది.

ఇక చెల్లెలు. ఆమెది మొండితనం అనుకోకండి, ఆమె బాధ నిజమైనదే. కొనేవారిని 90 రోజులు గడువు అడగండి. ఆయన వెళ్లిపోవచ్చు, అలాంటి ఇంటికి మరొకరు దొరకడానికి సమయం పట్టొచ్చు. అయినా చెల్లెలికి ఆ మాత్రం సమయం ఇవ్వడం న్యాయం. ఇద్దరు వేర్వేరు వాల్యూయర్లతో విలువ కట్టించి, సగటు ధర కాగితం మీద పెట్టి, గడువులోగా మీ ఇద్దరి వాటాలూ కొనుక్కోమనండి. లోన్ ఆమె పేరు మీదే ఉండాలి. మీరు మాత్రం హామీ సంతకం పెట్టకండి. పెడితే ఇల్లు అమ్మినట్టూ కాదు, ఉంచుకున్నట్టూ కాదు. వాయిదాల్లో ఇస్తానంటే, బాకీ తీరేదాకా ఇల్లు మీకు తాకట్టులో ఉండేలా రాయించుకోండి.

“ఇప్పటికి ఇలాగే ఉండనిద్దాం” అనే దారికి మాత్రం నేను ఒప్పుకోను. ఈరోజు ముగ్గురి సంతకాలు చాలు. రేపు మీ పిల్లలూ వాళ్ల పిల్లలూ కలిస్తే పదిమంది అవుతారు. పైకప్పు కారుతున్నా ఎవరు డబ్బు పెట్టాలో తేలదు.

డబ్బు చేతికొచ్చాక మూడేళ్ల ఇంటి ఖర్చు డిపాజిట్లలో ఉంచి, మిగతాది విడివిడిగా పెట్టండి.

బయటివాళ్లకే అమ్మాల్సి వస్తే, అడ్వాన్స్ తీసుకోకముందే ఆ వంటింటి గుమ్మం చెక్క మీకే దక్కుతుందని అగ్రిమెంట్‌లో రాయించండి. ఇల్లు వారసత్వ కట్టడాల జాబితాలో ఉంటే ఆ చెక్కను తీయడానికి అనుమతి కావాలేమో కనుక్కోండి. ఏమీ రాయకుండా సంతకాలైపోతే, నాన్న గీసిన ఆ గీతలు కూడా కొన్నవారివే అవుతాయి.