మూడో కిలోవాట్ దగ్గర ఆగి లెక్క చూసుకోండి

ప్రశ్న: మాది తెనాలి. కింద కిరాణా కొట్టు, పైన ఇల్లు. రెండింటికీ వేర్వేరు మీటర్లు. ఇంట్లో ఎండాకాలం మూడు నెలలు 470 యూనిట్ల దాకా, మిగతా నెలల్లో 270 దాకా కాలుతోంది. కొట్లో ఫ్రిజ్, డీప్ ఫ్రీజర్ ఉండటంతో నెలకు 420 యూనిట్లు అవుతోంది. సోలార్ ఏజెంటు వచ్చి 5 కిలోవాట్లు పెట్టించుకోమంటున్నాడు. 3.20 లక్షలు అవుతుందట, 78 వేలు సబ్సిడీ వస్తుందట. ఇంటి మీటరు నుంచి కొట్లోకి ఒక వైరు లాగితే రెండు బిల్లులూ జీరో అంటున్నాడు. 2 కిలోవాట్లకు 1.40 లక్షలు, 3 కిలోవాట్లకు 2 లక్షలు అని కూడా రాసిచ్చాడు. మా చేతిలో ఉన్నది 3 లక్షల ఎఫ్‌డీ ఒక్కటే. అది తీసేద్దామని మావారు, చీటీ పాడేయమని మా తమ్ముడు అంటున్నారు. అది 3 లక్షల చీటీ, ఈమధ్య పాట 70 వేల దాకా వెళ్తోంది. వచ్చే జూన్‌లో అమ్మాయిని ఇంజినీరింగ్‌లో చేర్పించాలి. మీటర్లు ఇంకా మా మామగారి పేరు మీదే ఉన్నాయి. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ వైరు సంగతి తేల్చేద్దాం. వద్దు. పగలు సోలార్ కరెంటే కదా అనిపిస్తుంది. కానీ పొద్దుగూకాక మీ డీప్ ఫ్రీజర్ నడిచేది ఇంటి మీటరు గుండా వచ్చే గ్రిడ్ కరెంటు మీదే. గృహ కనెక్షన్‌తో వ్యాపారం నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వినియోగం అవుతుంది. రెట్టింపు టారిఫ్ కట్టిస్తారు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే వెనక్కి 12 నెలలకు లెక్క వేస్తారు. పైగా ఆ ‘రెండూ జీరో’ లెక్క కూడా తప్పే. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ రోజుకు సగటున 4 యూనిట్లు, అంటే నెలకు 120 ఇస్తుంది. 5 కిలోవాట్లకు 600. మీ ఇల్లు, కొట్టు కలిపితే నెలకు సగటున 740. ఏజెంటు కూడికలు చేయకుండానే కాగితం రాసిచ్చాడన్నమాట.

ఇక ఇంటి సంగతి. మీ కరెంటు బిల్లు తీసి శ్లాబులు ఉన్న చోట చూడండి. ఏపీలో గృహ వినియోగానికి మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. బిల్లు కింది శ్లాబు నుంచి పైకి పెరుగుతుంది. సోలార్ మాత్రం పై శ్లాబు నుంచి కిందికి కోసుకొస్తుంది. అందుకని మొదటి కిలోవాట్ మామూలు నెలల్లో మీకు 8.75, 6 రూపాయల యూనిట్లను తప్పిస్తుంది, ఆఖరి కిలోవాట్ 1.90 యూనిట్లను తప్పిస్తుంది. ప్యానెల్ ధర మాత్రం దేనికైనా ఒకటే.

మీ అంకెలతోనే చూద్దాం. ఇప్పుడు యూనిట్ చార్జీల కింద ఏడాదికి మీరు కడుతున్నది సుమారు 22,400. 2 కిలోవాట్లు పెడితే నెలకు 240 యూనిట్లు తగ్గుతాయి. మామూలు నెలల్లో 30 యూనిట్లకే, అంటే 57 రూపాయలే కడతారు. ఎండాకాలంలో 230 యూనిట్లకు వెయ్యి చిల్లర వస్తుంది. ఏడాదంతా కలిపితే 3,700. ఆదా 18,700. ఖర్చు 1.40 లక్షలు, ఇళ్ల సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ కిలోవాట్‌కు 30 వేల చొప్పున 60 వేలు. మీ చేతి నుంచి పడేది 80 వేలు. నాలుగేళ్ల పైన కొద్ది నెలల్లో తిరిగొస్తుంది. ప్యానెళ్లకు 25 ఏళ్ల వారంటీ ఇస్తున్న రోజుల్లో ఇది చాలా మంచి బేరం.

మూడోది కలపండి. అదనంగా 60 వేలు, దానికి సబ్సిడీ 18 వేలే, చేతి నుంచి 42 వేలు. తగ్గడానికి బిల్లులో మిగిలిందే 3,700. అంటే అసలు రావడానికి పదకొండేళ్లు. నాలుగు, అయిదు కిలోవాట్లకైతే సబ్సిడీ ఒక్క రూపాయి పెరగదు, 78 వేల దగ్గరే ఆగిపోతుంది. ఆ కరెంటు మీ ఇంట్లో ఖర్చు కాదు, గ్రిడ్‌లోకి పోతుంది. మిగులు యూనిట్లకు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) లెక్కగట్టేది మీరు కొనే 8.75 రేటు కాదు, దానికంటే బాగా తక్కువ. ఇంధన సర్దుబాటు చార్జీలు నేను ఈ లెక్కలో కలపలేదు. కలిపితే అన్నింటికీ కాస్త మెరుగవుతుంది గానీ వరస మారదు. ఏడాది రెండేళ్లలో రెండో ఏసీ గానీ ఎలక్ట్రిక్ స్కూటర్ గానీ కొనే ఆలోచన గట్టిగా ఉంటే 3 కిలోవాట్లకు వెళ్లండి. లేకపోతే ఇంటికి 2 చాలు. మీరు బీసీలైతే రాష్ట్ర ప్రభుత్వం 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు మరో 10 వేలు ప్రకటించింది, అదీ అడగండి.

(ఇదే ఉత్తరం తెలంగాణ నుంచి వచ్చి, ఆ ఇంటికి తెల్ల కార్డు ఉండి, నెలకు 200 యూనిట్ల లోపే వాడుతూ గృహజ్యోతి కింద జీరో బిల్లు అందుకుంటుంటే సోలార్ జోలికి పోవద్దనే చెప్పేవాణ్ని. కట్టని బిల్లును తగ్గించేదేముంది?)

మీరు అడగకుండా వదిలేసిన చోటే అసలు డబ్బుంది. కొట్టు మీటరుకు సబ్సిడీ రాదు. ఆ మాట వినగానే చాలామంది దాన్ని పక్కన పెట్టేస్తారు. కానీ కమర్షియల్ కేటగిరీలో వంద యూనిట్లు దాటాక ప్రతి యూనిట్ 9 రూపాయల పైమాటే. 420 యూనిట్లకు మీరు 3,600 దాకా కడుతున్నారు. కొట్టు మీటరు మీద విడిగా 3 కిలోవాట్లు పెడితే 360 యూనిట్లు తగ్గి బిల్లు 350 దగ్గరకు వస్తుంది. ఏడాదికి 39 వేల ఆదా. సబ్సిడీ లేదు కాబట్టి ధర గట్టిగా బేరమాడండి. 1.65 లక్షలకు దొరికితే ఇదీ నాలుగేళ్ల చిల్లరలో తిరిగొస్తుంది. సబ్సిడీ ఉన్న ఇంటి మూడో కిలోవాట్ కంటే సబ్సిడీ లేని కొట్టు కిలోవాట్ ఎంతో నయం. అయితే కొట్టు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ (మీ కనెక్షన్‌కు మంజూరైన కిలోవాట్లు) ఎంతుందో చూసుకోండి. 3 కిలోవాట్ల కంటే తక్కువుంటే పెంచుకోవాలి, ఫిక్స్‌డ్ చార్జీ కొంచెం పెరుగుతుంది. అన్నట్టు, మీ డీప్ ఫ్రీజర్ మూతకుండే రబ్బరు ఒకసారి చూడండి. కాగితం పెట్టి మూత వేసి లాగితే సులువుగా వచ్చేస్తోందంటే చల్లదనం బయటికి పోతున్నట్టే. సోలార్ కంటే ముందు దాన్ని మార్పించండి.

డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది తర్వాత. చీటీ మాట మరిచిపోండి. 70 వేలు తోసి పాడితే చేతికొచ్చేది 2.30 లక్షలు. ప్రభుత్వం ఇచ్చే 60 వేలూ, పైన మరో 10 వేలూ పాటలోనే పోయాయి. ఎఫ్‌డీ కూడా కదపొద్దు. జూన్‌లో కాలేజీ ఫీజు, హాస్టల్, ల్యాప్‌టాప్ అన్నీ ఒకేసారి మీద పడతాయి, మీకున్న ఆసరా అదొక్కటే. మీ వారు అన్నది మరీ తప్పేం కాదు, ఎఫ్‌డీ వడ్డీ కంటే సోలార్ ఆదా ఎక్కువే. కానీ ప్యానెళ్లను ఫీజు గడువు నాటికి డబ్బుగా మార్చలేం.

ఇంటి ప్లాంటుకు బ్యాంకు లోను తీసుకోండి. సూర్యఘర్ కింద 3 కిలోవాట్ల లోపు ప్లాంట్లకు ప్రభుత్వ రంగ బ్యాంకులు తాకట్టు లేకుండా 2 లక్షల వరకు ఇస్తున్నాయి. వడ్డీ రెపో రేటు (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే రేటు) కంటే అర శాతం ఎక్కువ, అంటే ఇప్పుడు 6 శాతం దరిదాపుల్లో. 14 వేలు మీరు పెట్టుకుంటే 1.26 లక్షలు లోను. సబ్సిడీ 60 వేలు మీ ఖాతాలో పడిన రోజే లోన్‌లో కట్టేయండి, దాన్ని సరుకు కొనడానికి తిప్పొద్దు. మిగిలే 66 వేలకు నాలుగేళ్ల ఈఎంఐ 1,550. మీ బిల్లులో నెలకు సగటున తగ్గేదీ దాదాపు అంతే. నాలుగేళ్లూ జేబులోంచి కొత్తగా పోయేది ఏమీ ఉండదు.

కొట్టుకు ఇప్పుడే వద్దు. అమ్మాయి చేరిక అయ్యాక, వచ్చే చలికాలంలో వ్యాపార లోను చూడండి. 35 వేలు మీరు పెట్టుకుంటే మిగతా 1.30 లక్షలకు 11 శాతం వడ్డీ పడినా అయిదేళ్ల ఈఎంఐ 2,830 దాకా, నెల ఆదా 3,260. ఈలోగా ఇంటి ప్లాంటు ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూసేస్తుంది. చెప్పినన్ని యూనిట్లు వస్తున్నాయో లేదో మీ బిల్లే చెబుతుంది. మేడ మీద జాగా మాత్రం ఇప్పుడే ఆలోచించండి. రెండు ప్లాంట్లకూ కలిపి 500 చదరపు అడుగుల దాకా నీడ పడని చోటు కావాలి. మధ్యాహ్నం మూడింటప్పుడు ఒకసారి మేడెక్కి వాటర్ ట్యాంకు నీడ, పక్కింటి గోడ నీడ ఎక్కడి దాకా వస్తున్నాయో సుద్దముక్కతో గీత గీసుకోండి. ఒక ప్యానెల్ మీద నీడ పడితే దానితో కలిపిన మిగతావాటి ఉత్పత్తీ పడిపోతుంది.

ఏజెంటు చెప్పకుండా దాటేసినవి ఇంకొన్ని ఉన్నాయి. ఆన్‌గ్రిడ్ ప్లాంటు, అంటే బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకు కలిపినది, కరెంటు పోగానే ఆగిపోతుంది, ఎంత ఎండ ఉన్నా సరే. లైన్ మీద పనిచేసేవాళ్ల ప్రాణాల కోసం అలా పెట్టారు. అందుకని ఇంట్లో ఉన్న ఇన్వర్టర్, బ్యాటరీ అమ్మేయకండి. కింద బట్టలు ఆరేసుకోవచ్చంటూ ఎత్తు స్ట్రక్చర్ అంటగడతారు. మీది తుపాన్ల దారి, 2023 డిసెంబరులో మిచౌంగ్ తీరం దాటింది మీ పక్కన బాపట్ల దగ్గరే. ఎత్తు పెరిగేకొద్దీ గాలి తాకిడి పెరుగుతుంది. నాలుగైదు అడుగుల్లో గట్టి జీఐ (జింకు పూత వేసిన ఇనుప) స్ట్రక్చర్ చాలు. ఇంటి బీమా ఉంటే ప్యానెళ్లను అందులో చేర్పించండి. సోలార్ ప్యానెళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కొటేషన్‌లో పాత రేటు ఉందేమో చూడండి, ఉంటే ధర మళ్లీ మాట్లాడండి. ఏజెంటు కంపెనీ సూర్యఘర్ పోర్టల్‌లో నమోదైన వెండారేనా అన్నదీ తెలుసుకోండి. ‘సబ్సిడీ పోను మిగతాది ఇవ్వండి చాలు’ అంటే ఒప్పుకోవద్దు, సబ్సిడీ వచ్చేది మీ ఖాతాకే. నెట్ మీటరు (మీరు వాడిందీ, గ్రిడ్‌కు పంపిందీ రెండూ లెక్కించేది) బిగించి, డిస్కం వాళ్లు వచ్చి చూసి వెళ్లాకే ఆఖరి 20 శాతం ఇస్తామని రాయించుకోండి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని మీటర్ల పేరు మార్పు. చనిపోయిన మనిషి పేరు మీద కనెక్షన్ ఉంటే దరఖాస్తూ కదలదు, లోనూ రాదు, సబ్సిడీ పడాల్సిన ఖాతా పేరూ కలవదు. మామగారి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఇంటి పన్ను రసీదు, ఆధార్ పట్టుకుని మీ వారిని ఈ వారమే డిస్కం ఆఫీసుకు వెళ్లమనండి. ఆయనకు అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఉంటే అభ్యంతరం లేదని వాళ్ల సంతకాలు కూడా అడగొచ్చు. అందరూ కలిసే పండగ దాకా ఆగకుండా ఇప్పుడే ఫోన్లు చేసుకోండి. ఇంటి మీటరు, కొట్టు మీటరు రెండూ ఒకేసారి మార్పిస్తే వచ్చే చలికాలంలో మళ్లీ తిరగక్కర్లేదు.